సీమ హద్దులూ – సాహిత్య విమర్శా

రాయలసీమ కథ, రాయలసీమ కవిత అనే మాటలు మన విమర్శలో స్థిరపడి చాలాకాలమైంది. సంకలనాలు వచ్చాయి, సదస్సులు జరిగాయి, పరిశోధన గ్రంథాలు వెలువడ్డాయి. అయితే సీమ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న ప్రశ్న వచ్చేసరికి రెవిన్యూ పటం తెచ్చి ముందు పరుస్తున్నాం. పటం లోపల పుట్టినవాడు సీమ రచయిత, బయట పుట్టినవాడు కాడు. స్థానికత సర్టిఫికెట్టు ఇచ్చే తహసీల్దారుకు ఈ పద్ధతి చాలు. విమర్శకుడికి చాలదు.

ఆ పటమైనా స్థిరమైనదా? 1800లో నిజాం కుంఫిణీ సైన్యపు ఖర్చు కింద ఆ కుంఫిణీకే ధారాదత్తం చేసిన ప్రాంతం దత్తమండలం. కర్నూలు నవాబు మాత్రం కప్పం కడుతూ 1839 దాకా కొనసాగాడు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో సగం ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చింది. అది ఎన్నడూ దత్తమండలం కాదు. 1928 నంద్యాల సభలో ‘రాయలసీమ’ అనే పేరు స్వీకరించారు. ఆ పేరు గాడిచర్ల పెట్టారా, చిలుకూరి నారాయణరావు పెట్టారా అని నేటికీ వాదిస్తున్నాం. దత్తమండలం అన్నమాటలోని అవమానాన్ని ఆ పేరు తుడిచింది, నిజమే. కానీ ఒక రాజు వైభవాన్ని ప్రాంతానికంతటికీ తొడిగి, ఆ వైభవం కింద వెట్టి చేసినవాడిని కనబడకుండా కూడా చేసింది.

1953లో బళ్లారి మైసూరుకు పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో మిగిలాయి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ పెంచిన నాటకరంగం ఏ రాష్ట్రానిది? 1970లో మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి విడిపోయి నేటి ప్రకాశం జిల్లాలో కలిశాయి. ఆనాటి నుంచి అక్కడి మెట్టరైతు కోస్తావాడయ్యాడు. ఆకాశం వైపు చూడటం మాత్రం మానలేదు. 2022 పునర్విభజనలో గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో చేరాయి. జి.వో. వచ్చిన మర్నాడు అక్కడి కవి సీమకవి అయిపోతాడా?

పటం చాలదని కొందరు భాషను ప్రమాణం చేస్తున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక పరిశీలనలో నెల్లూరు కూడా రాయలసీమతో పాటు దక్షిణ మండలంలోకే వస్తుంది. తుంగభద్ర దాటి అలంపురం పోతే కర్నూలు మాట ఏటి ఒడ్డున ఆగిపోదు. మాట హద్దు ఒకచోట, పాలన హద్దు ఇంకొకచోట ఉన్నాయి. మాండలికాన్ని ముద్రగా వాడే రచయితలు దీన్ని గమనించాలి. నాలుగు యాస మాటలు చల్లినంత మాత్రాన కథకు ప్రాంతం రాదు.

మరికొందరికి కరువే సీమ. ఇది వాస్తవానికి దగ్గరగా ఉంది, కానీ సగమే. సుంకేసుల వద్ద మొదలయ్యే కర్నూలు–కడప కాలువను ఒక ఇంగ్లీషు కంపెనీ లాభం కోసం తవ్వించింది. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఆ కాలువ కింద వరి పండించే ఆసామీ, పత్తికొండ ఎర్రనేలలో వేరుశనగ వేసి మొగులుకేసి చూసే రైతు ఒకే జిల్లావాళ్లుగా బతికారు. సీమ లోపలే ఒక హద్దు ఉంది. అది నీళ్ల హద్దు, దాని వెనక భూమి హద్దు. ఆలూరు, ఆదోని పల్లెల్లో ఇళ్లకు తాళాలేసి గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోయే కుటుంబాన్ని చూడండి. ఆ కుటుంబం గుంటూరులో గుడిసె వేసుకున్నంతకాలం సీమ గుంటూరులో కూడా ఉన్నట్టే. దాని హద్దు రైలుపెట్టె వెంట కదులుతుంది.

ఇంతమాత్రాన ప్రాంతం భ్రమ అనీ వర్గమొక్కటే నిజమనీ తేల్చేవాళ్లతో నేను ఏకీభవించను. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో నీళ్ల విషయంలో ఇచ్చిన హామీలు నిలబడలేదు. 1953లో కర్నూలుకు వచ్చిన రాజధాని 1956లో హైదరాబాదుకు తరలిపోయింది. పాలకుల నిర్ణయాలు ఒక ప్రాంతాన్ని వెనక్కి నెట్టినప్పుడు ఆ ప్రాంతం భౌతిక వాస్తవమవుతుంది. ఆ వాస్తవాన్ని కాదనే విమర్శ బలవంతుడి పక్షాన నిలుస్తుంది. అలాగే ‘మన సీమ’ అంటూ భూస్వామినీ కూలీనీ ఒకే గొంతులో పలికించే విమర్శ కూడా బలవంతుడి పక్షమే. మొదటిది నీళ్లు పంచినవాడిని దాస్తుంది, రెండవది ఊళ్లో ఆ నీళ్లు ఎవరి మడికి పారాయో దాస్తుంది.

విద్వాన్ విశ్వం కావ్యానికి వస్తువైన పెన్న నందికొండల్లో పుట్టి, అనంతపురం, కడప మీదుగా నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. పైన ఇసుకగా, కింద మాగాణిగా కనిపించే ఏరు ఒక్కటే. ఈ రెండు దృశ్యాల మధ్య సంబంధాన్ని చూపించేదే ప్రాంతీయ సాహిత్యం. పైదాన్ని మాత్రమే చూపితే జాలి పుడుతుంది, సంబంధాన్ని చూపితే ప్రశ్న పుడుతుంది.

కాబట్టి సంకలనకర్తలు రచయిత పుట్టిన ఊరు అడగటం తగ్గించి, ఆ రచనలో నేల ఎవరిది, నీరు ఎవరిది, వలసబండి ఎక్కింది ఎవరు అని అడగాలి. అలా అడిగితే మార్కాపురం కథకుడికి సీమ సంకలనంలో చోటు దొరుకుతుంది. సీమలో పుట్టి కత్తులనూ బాంబులనూ సినిమాకు అమ్ముకునే రచనకు ఆ చోటు దక్కదు. హద్దులు గీయక తప్పదు. ఎవరి పొలం గట్టున నిలబడి గీస్తున్నామో తెలిసి గీయాలి.