తూము దగ్గర మనిషి
ఫ్లోరిడాలో ఒకీచోబీ సరస్సుకు దక్షిణాన ఎక్కువగా చెరకు తోటలే. వాటి మురుగునీటిలోని ఫాస్ఫరస్ ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలోకి చేరితే, అక్కడి రంపపు గడ్డిని తోసేసి జమ్ము అల్లుకుపోతుంది. ఫాస్ఫరస్‌ను పీల్చుకునేందుకు ఆ జమ్మునే కట్టలు పోసిన మళ్లలో కావాలని పెంచి, మురుగునీటిని దాని గుండా పారిస్తున్నారు, 57 వేల ఎకరాలకు పైగా! దొంగ చేతికే తాళాలిచ్చారు. దొంగ కాపలా బాగానే కాస్తోంది.

మురుగునీటిలోని నత్రజని అయితే సూక్ష్మజీవుల పుణ్యమా అని గాలిలో కలిసిపోతుంది. ఫాస్ఫరస్‌కు ఆ దారి లేదు. మొక్కల్లోకి ఎక్కాలి, అవి చచ్చి బురదగా అడుగున పేరుకోవాలి. చిత్తడి నీటిలో ఫాస్ఫరస్‌కు పెట్టిన హద్దు వంద కోట్ల పాళ్లకు 10 పాళ్లే.

నాకు ముచ్చటేసేది ఈ మళ్ల తూములు చూసేవాళ్ల పనితనం. నీళ్లు లోతెక్కితే జమ్ము వేళ్లతో లేచి తేలిపోతుంది. ఎండితే బురద నెర్రెలిచ్చి, మళ్లీ తడవగానే దాచుకున్న ఫాస్ఫరస్‌ను కక్కేస్తుంది. తుపాను ముంచెత్తినా, వాన మొహం చాటేసినా నీళ్లు లోతెక్కి ఎక్కువ కాలం నిలవకూడదు, ఇంకిపోకూడదు. ఇది చాలదన్నట్టు, పొడుగుకాళ్ల పిట్టలు వచ్చి మడిలో నేలమీదే గుడ్లు పెడతాయి. అప్పుడు గూళ్లు మునగకుండా నీళ్లను పక్క మళ్లకు తిప్పాలి.