కూర్చున్నదానికి తీగ, తిరిగేదానికి గాలి

మా అపార్ట్‌మెంట్‌లో నెట్ నెమ్మదించిందంటే మొదటి అనుమానం నా యాంటెన్నా మీదకే పోతుంది. టెర్రస్ మీద నీళ్ల ట్యాంకు పక్కనుంచి మెట్లగది దాకా ఓ రాగి తీగ లాగి కట్టాను. దాని నడుమ నుంచి కేబుల్ ఒకటి నా గదిలోకి దిగుతుంది. "మాస్టారూ, రాత్రి మీరు రేడియోలో మాట్లాడారా? మావాడి ఆన్‌లైన్ క్లాసు ఆగి ఆగి వచ్చింది" అంటారు మూడో అంతస్తు ఆవిడ. ఆవిణ్ని తప్పుపట్టలేం. బిల్డింగ్ మొత్తానికి పైకి కనబడే తీగ అదొక్కటే మరి. ఫ్లాటుకొకటి చొప్పున టీవీల వెనకాల దాక్కున్న ట్రాన్స్‌మిటర్లు ఎవరి కంటా పడవు. వాటిని మనం రూటర్లంటాం.

నేను హామ్‌ని. పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం నుంచి లైసెన్సు, ‘వీయూ’తో మొదలయ్యే కాల్‌సైన్ తెచ్చుకున్న హాబీ రేడియో మనిషిని. ఎక్కువగా మాట్లాడేది 7 మెగాహెర్ట్జ్ మీద. అక్కడ తరంగం పొడవు 40 మీటర్ల పైమాటే. అందుకే ఆ తీగ 20 మీటర్లుంది. వైఫై నడిచేది 2,400 మెగాహెర్ట్జ్ దగ్గర, దాని తరంగం పన్నెండున్నర సెంటీమీటర్లు. రెంటికీ మధ్య మూడొందల రెట్లకు మించిన దూరం. సరిగ్గా సర్దుకున్న సెట్టు అంత దూరం పోయి వైఫైని తగులుకోదు. ఇదంతా చెప్తే ఆవిడ తలూపుతారు కానీ, నమ్మినట్టు కనబడరు.

బ్రాడ్‌బ్యాండ్ అమ్మేవాళ్లు మనకు అలవాటు చేసిన ప్రశ్న ఒక్కటే: స్పీడెంత? రేడియో నాకు నేర్పిన ప్రశ్న వేరు: గోలెంత? 1948లో క్లాడ్ షానన్ ఈ లెక్క తేల్చేశాడు. ఒక దారిలో ఎంత సమాచారం పోతుందో నిర్ణయించేవి రెండే. దారి వెడల్పు ఒకటి, గోలతో పోల్చితే సిగ్నల్ ఎంత బలంగా ఉందన్నది రెండోది. వెడల్పు కొనుక్కోవచ్చు. 2022 వేలంలో మన టెలికాం కంపెనీలు దాదాపు లక్షన్నర కోట్ల రూపాయలు పోసి కొన్నది అదే. నా మాట గాల్లో ఆక్రమించే వెడల్పు మూడు కిలోహెర్ట్జ్ లోపు. 5జీ కోసం ఒక పెద్ద కంపెనీ వాడే 100 మెగాహెర్ట్జ్‌లో నాలాంటి వాళ్ల సంభాషణలు ముప్పై మూడు వేలు పడతాయి. గోల మాత్రం ఏ వేలంలోనూ దొరకదు. అందరం ఉచితంగా పంచిపెడుతుంటాం.

ఎలా పంచుతామో ఓ ఉదాహరణ. ఓ సాయంత్రం నుంచి నా సెట్టులో 7 మెగాహెర్ట్జ్ మీద ఒకటే గుర్రు. సిగ్నల్ మీటరు ముల్లు ఏడు దగ్గర కూర్చుని దిగనంటోంది. సెట్టును బ్యాటరీ మీద పెట్టి, మా ఫ్లాటు మెయిన్ ఆపేశాను. గుర్రు తగ్గలేదు. అంటే దొంగ మా ఇంట్లో లేడు. పాత జేబు ట్రాన్సిస్టర్ తీసుకుని, మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట ముల్లు నిలిపి, మెట్లు దిగుతూ గోడల వెంట వింటూ పోయాను. రెండో అంతస్తులో ఒక తలుపు ముందు ట్రాన్సిస్టర్ గొల్లుమంది. లోపల వాళ్లు ఒక్కో ప్లగ్గూ పీకుతుంటే, రూటర్ తాలూకు అడాప్టర్ తీసిన క్షణాన నిశ్శబ్దం. చేతిలోకి తీసుకుంటే అగ్గిపెట్టెలా తేలిగ్గా ఉంది. గోలను బయటికి పోకుండా ఆపే కాయిల్, కెపాసిటర్ పెట్టడం తయారుచేసినవాడికి దండగనిపించి ఉంటుంది. కాస్త బరువున్న అడాప్టర్ ఒకటి తెచ్చి పెట్టాను. మీటరు ఏడు నుంచి మూడుకు దిగింది.

మీటరు మీద ఒక గీత అంటే 6 డెసిబెల్స్. నాలుగు గీతలంటే 24, అంటే సుమారు 250 రెట్లు. ఆ గోలలో నాకు అంతే స్పష్టంగా వినబడాలంటే, అవతల 50 వాట్లతో మాట్లాడేవాడు పన్నెండున్నర వేల వాట్లు కుమ్మరించాలి. అరిచే బలం పెంచడం ఎంత ఖరీదో, వినే చోట గోల తగ్గించడం ఎంత చవకో ఆ ఒక్క అడాప్టర్ చెప్తుంది.

ఈ గోల గురించే అమెరికాలో ఒక పెద్ద పోరు నడిచింది. కరెంటు తీగల మీదుగానే ఇంటింటికీ బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చేద్దామన్నది అక్కడి ఆలోచన. తీగలు ఎలాగూ ఉన్నాయి కదా! 2004లో అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్ దానికి నిబంధనలు తెచ్చింది. హామ్‌లకు గుండె గుభేలుమంది. స్తంభాల మీద తొడుగు లేకుండా వేలాడే తీగలో మెగాహెర్ట్జ్‌ల సిగ్నల్ పంపితే, అది ఊరంత పొడవు యాంటెన్నా అయిపోతుంది. వాళ్ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ కోర్టుకెక్కింది. కమిషన్ తను ఆధారపడ్డ అధ్యయనాలను పూర్తిగా బయటపెట్టలేదని తప్పుపడుతూ, 2008లో అప్పీళ్ల కోర్టు కొన్ని అంశాలను తిరగతోడమంది. అప్పట్లో హామ్‌లను అభివృద్ధి నిరోధకులన్నారు. చివరికి ఆ పద్ధతిని పక్కకు నెట్టినవాటిలో ఆప్టికల్ ఫైబర్ ఒకటి. గాజులో వెలుగు పరుగెడుతుంది, బయటికి చప్పుడు రాదు. ఫైబర్‌ను నాకంటే ఎక్కువగా ప్రేమించే బ్రాడ్‌బ్యాండ్ కస్టమర్ ఉండడని గట్టిగానే చెప్పగలను.

ఇక వైఫై సంగతి. హామ్‌లకు దీనితో చుట్టరికం ఉంది. మాట్లాడే ముందు విను, ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందా అని అడుగు, అప్పుడే మైకు నొక్కు అన్నది మా మొదటి పాఠం. రేడియో మీద కంప్యూటర్లను మాట్లాడించే ‘ప్యాకెట్ రేడియో’లో ఓ చిక్కు ఉండేది. ఒకరికొకరు వినబడని ఇద్దరు, మధ్యలో ఉన్న మూడోవాడితో ఒకేసారి మాట్లాడి ఇద్దరి మాటలూ చెడగొట్టేవారు. 1990లో ఫిల్ కార్న్ అనే హామ్, హామ్‌ల కంప్యూటర్ సదస్సులోనే దీనికో దారి చూపాడు: ముందు ‘పంపనా?’ అని చిన్న కబురు, ‘పంపు’ అని జవాబు వచ్చాకే అసలు సరుకు. ఆ మర్యాద తర్వాత వైఫై నియమాల్లోకీ చేరింది. మీ ఇంటి రూటర్ కూడా నోరు తెరిచేముందు చెవి పెడుతుంది.

వచ్చిన కష్టమల్లా ఆ మర్యాద దగ్గరే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి ఒరుసుకోని చానళ్లు మూడే: ఒకటి, ఆరు, పదకొండు. అపార్ట్‌మెంట్‌లో ముప్పై రూటర్లుంటే, చేద ఒక్కటే ఉన్న బావి దగ్గర పదిమంది చొప్పున నిలబడ్డట్టే. ఫోన్‌లో ఫుల్ సిగ్నల్ చూపిస్తుంటుంది, వీడియో మాత్రం గుండ్రంగా తిరుగుతుంటుంది. ఫుల్ సిగ్నల్ అంటే బావి దగ్గరే ఉందని అర్థం, మన వంతు వచ్చిందని కాదు. 5 గిగాహెర్ట్జ్‌కు మారితే చానళ్లు ఎక్కువ, కానీ అది గోడ దాటేసరికి నీరసిస్తుంది. పక్కింటి రూటర్ మీ గదిలోకి రాకపోవడం ఒక రకంగా దాని సుగుణమే.

అందుకే నా సలహా ఎప్పుడూ ఒకటే: కూర్చున్నదానికి తీగ, తిరిగేదానికి గాలి. గోడకు బిగించిన టీవీ ఈ జన్మకు కదలదు. అది సినిమా మొత్తాన్ని గాల్లోంచి ఎందుకు తోడుకోవాలి? డెస్క్‌టాప్, ప్రింటర్, సీసీ కెమెరాల రికార్డర్ అన్నీ అంతే. వాటికి కేబుల్ గుచ్చితే, చేతిలో తిరిగే ఫోన్‌కి గాలి మిగులుతుంది.

ఇదే సూత్రాన్ని ఊళ్ల మీద పెట్టి చూడండి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాలకు కేబుల్ వేలాడదీసి త్వరగా, చవగ్గా ఊళ్లకు చేర్చింది. తెలంగాణ టీ-ఫైబర్ మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల వెంట భూమిలో వేసింది. రెండు దారుల్లో దేని లాభం దానిదే. తుపాను తీరంలో మాత్రం నా ఓటు భూమికి. ఇప్పుడు కొత్తగా ఇంటికి కూడా 5జీ టవర్ నుంచే బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామంటున్నారు. పాడేరు కొండల్లో, కేబుల్ లాగితే గిట్టుబాటు కాని గూడేనికి అది వరమే. ఫైబర్ గుమ్మం ముందునుంచే పోతున్న నగరపు వీధిలో మాత్రం దుబారా అంటాను. కదలని ఇల్లు, రోడ్డు మీద కదిలే వెయ్యిమంది ఫోన్లతో వాటాకి దిగుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా విశాఖను చీల్చినప్పుడు, మనం వైర్‌లెస్ అనుకుంటున్నది ఎంత వరకు వైర్‌లెస్సో ఊరంతటికీ తెలిసింది. ఫోన్‌కీ టవర్‌కీ మధ్య మాత్రమే గాలి. టవర్ వెనక ఫైబర్, కరెంటు, బ్యాటరీ, డీజిల్. స్తంభాలు కూలాయి, కేబుళ్లు తెగాయి, బ్యాటరీలు అయిపోయాయి, డీజిల్ బండి రావడానికి రోడ్డు మీద చెట్లు అడ్డం. చేతిలో ఫోన్లు బాగానే ఉన్నాయి. పదేళ్ల ముందు, 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో హైదరాబాద్‌కు చెందిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం ఉంది. భారతి ప్రసాద్ నాయకత్వంలో హాబీ కోసమే వెళ్లినవాళ్లు. ఫోన్లు పడిపోయిన దీవుల నుంచి క్షేమ సమాచారాలు ఆ సెట్ల మీదుగా బయటికొచ్చాయి. ఒక సెట్టు, ఒక బ్యాటరీ, ఒక తీగ ముక్క. మధ్యలో ఉన్నదల్లా నెత్తిమీద వందల కిలోమీటర్ల ఎత్తున సిగ్నల్‌ను కిందికి వంచే అయనావరణం. దానికి డీజిల్ అక్కర్లేదు.

అలాగని హామ్ రేడియో బ్రాడ్‌బ్యాండ్‌కు ప్రత్యామ్నాయమని డబ్బా కొట్టను. మా పాత ప్యాకెట్ రేడియో వేగం సెకనుకు 1,200 బిట్లు. మీరు వాట్సాప్‌లో పంపే మూడు ఎంబీల ఫొటో దాని మీద పోవాలంటే ఐదున్నర గంటలు పడుతుంది. ‘ఇక్కడ ఇరవైమంది ఉన్నాం, మంచినీళ్లు కావాలి’ అన్న వాక్యం మాత్రం రెండు సెకన్లలో పోతుంది. రెండు పనులకూ ఒకే కొలబద్ద పెట్టకూడదు.

ప్రభుత్వాలు వేలానికి పెట్టే వెడల్పు గురించి పేపర్లలో పేజీలు నిండుతాయి. ఆ వెడల్పును తినేసే అడాప్టర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు, సోలార్ ఇన్వర్టర్ల గోల గురించి ఒక్క వాక్యం కనబడదు. ఫిల్టర్ లేని అడాప్టర్ దుకాణంలోకే రాకుండా ఆపితే చాలు. అలాగే ప్రతి గదికీ ఫ్యాను వైరు లాగే బిల్డర్‌కు, గోడ పూడ్చకముందే నెట్ కేబుల్‌కో పైపు వేయడానికి అయ్యే ఖర్చు ఎంతని? అవి జరిగేదాకా ఆగక్కర్లేదు. మీ ఇంట్లో నెట్ వాడుతూ కూర్చున్న చోటునుంచి కదలని వస్తువులు ఎన్నో లెక్కపెట్టండి. కొన్ని వందల రూపాయల కేబుల్‌తో వాటిని గాల్లోంచి దించెయ్యండి. మీ ఫోన్‌తోపాటు పక్క ఫ్లాటువాళ్ల ఫోన్ కూడా తేరుకుంటుంది. వాళ్లు థాంక్స్ చెప్పరు, ఎందుకు బాగుపడిందో తెలియదు కాబట్టి. కనీసం నా యాంటెన్నా జోలికి రారు, అది చాలు నాకు.