స్టార్ట్ కాని పాత బుల్లెట్

పాత బుల్లెట్ 350 స్టార్ట్ కావాలంటే మూడు కుదరాలి. సిలిండర్‌లోకి పెట్రోలు, గాలి తగిన పాళ్లలో చేరాలి. పిస్టన్ ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కాలి. సరిగ్గా వేళకు స్పార్క్ పడాలి. షెడ్డులో పని నేర్చుకోవడానికి చేరినవాడికి మొదట అబ్బేది ఈ మూడింటిలో ఏది తప్పిందో తేల్చుకునే వరస. స్పానరు పట్టడం ఆ తర్వాతి సంగతి.

1955లో ఇంగ్లండ్‌లోని రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పాటు చేశాక మద్రాసు శివారు తిరువొత్తియూర్‌లో ఈ బండి తయారీ సాగింది. 70 మిల్లీమీటర్ల బోర్, 90 మిల్లీమీటర్ల స్ట్రోక్‌తో 346 సీసీ కాస్ట్ ఐరన్ ఇంజన్. బ్యాటరీ 6 వోల్టుల నుంచి 12కు మారింది, బ్రేకులు, లైట్లు మారాయి. ఇంజన్ మాత్రం అర్ధ శతాబ్దం పాటు దాదాపు అలాగే ఉండిపోయింది. దానివల్ల 1960ల బండి మీద చేయి తిరిగినవాడు 1990ల బండిని కూడా తడుముకోకుండా విప్పగలిగాడు. సెన్సర్లు లేవు, కంప్యూటర్ లేదు. లోపం ఎక్కడున్నా చూపుకో, చెవికో, ముక్కుకో, బొటనవేలికో దొరికేదే.

అయితే చాలాసార్లు లోపం బండిలో ఉండదు, కిక్ కొట్టే తీరులో ఉంటుంది. బలమంతా పెట్టి వరసగా పది కిక్కులు కొడితే ఇంజన్‌లో పెట్రోలు నిండుతుంది తప్ప ఫలితం ఉండదు. పద్ధతి వేరు. పెట్రోల్ కాక్ తెరిచి, ఇంజన్ చల్లగా ఉంటే చోక్ ఎత్తి, తాళం తిప్పి, కిక్ రాడ్‌ను పాదంతో మెల్లగా దించాలి. ఒకచోట అది గట్టిగా ఎదురు తిరుగుతుంది. పిస్టన్ కంప్రెషన్ మీదికి వచ్చిందన్నమాట. హెడ్‌లైట్ పైన ఉన్న ఆమ్మీటర్ ముల్లు అంతవరకు మైనస్ వైపు వాలి, స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే పాయింట్లు విడిపోయే చోట మధ్యకు వస్తుంది. అప్పుడు కంప్రెషన్‌ను వదిలించే డీకంప్రెసర్ లివర్ నొక్కి కిక్ రాడ్‌ను ఇంకొంచెం దించితే పిస్టన్ పైకొస దాటుతుంది. లివర్ వదిలి, రాడ్‌ను పైకి రానిచ్చి, ఒక్కటే నిండు కిక్ కొట్టాలి. మళ్లీ కంప్రెషన్ ఎదురయ్యేలోపు ఫ్లైవీల్‌కు ఊపు అందుకునే వ్యవధి దొరుకుతుంది. ఒంటి బరువుతో కాక ఈ ఒడుపుతోనే సన్నటి మనుషులు కూడా బుల్లెట్‌ను ఒక్క కిక్కులో లేపేవారు.

చోక్ విషయంలో పొరపాటు మరీ ఎక్కువ. ఈ బండ్లలో చాలావాటికి వచ్చిన మిక్‌కార్బ్ వీఎం24 కార్బొరేటర్‌లో చోక్ గాలిని అడ్డుకోదు. వేరే సన్నని దారిలో అదనంగా పెట్రోలు అందిస్తుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడే ఇంజన్ పీల్పు ఆ దారికి గట్టిగా తగులుతుంది. చోక్ ఎత్తి, రేజ్ ఇస్తూ కిక్ కొడితే ఆ ఏర్పాటంతా వృథా.

పద్ధతి సరిగ్గా ఉండి కూడా ఇంజన్ అందుకోకపోతే ముందు విప్పాల్సింది ప్లగ్. ఇంత తక్కువ శ్రమతో ఇంత సమాచారం ఇచ్చే భాగం బండిలో మరొకటి లేదు. కొన్ని కిక్కుల తర్వాత కూడా ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే పెట్రోలు వచ్చింది, అంటుకోలేదు. జిడ్డుగా నల్లగా ఉంటే రింగులో, వాల్వ్ గైడ్లో అరిగి ఆయిల్ పైకి వస్తోంది. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు పాలు ఎక్కువైంది. లేత గోధుమ రంగులో ఉంటే నిన్నటిదాకా బండి ఆరోగ్యంగానే నడిచింది. లోపం కొత్తగా వచ్చింది. ఈ ఒక్క చూపుతో సందేహాల్లో సగం పోతాయి. ప్లగ్ చూడకుండానే కార్బొరేటర్ విప్పేవాడు మంచి మెకానిక్ కాడు, ఎంత శుభ్రంగా విప్పినా.

తడి ప్లగ్ దొరికితే వెతకాల్సింది కరెంటు వైపు. ప్లగ్‌ను తుడిచి, క్యాప్ తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజన్‌కు ఆనించి కిక్ కొట్టి చూస్తారు. ప్లగ్ రంధ్రం దగ్గర మాత్రం పెట్టకూడదు, బయటికి చిమ్మే పెట్రోలు ఆవిరి అంటుకోవచ్చు. నీలంగా, టప్పుమని చప్పుడు చేస్తూ దూకితే మంచి స్పార్క్. పసుపుగా, ఎర్రగా, దారంలా ఉంటే అది బయట కనిపించినా లోపల కంప్రెషన్‌లో ఆరిపోతుంది. స్పార్క్ బాగుండి ప్లగ్ తడిగా ఉంటే లోపల పెట్రోలు ఎక్కువైందని అర్థం. తాళం ఆపి, థ్రాటిల్ పూర్తిగా తిప్పి, డీకంప్రెసర్ నొక్కి పట్టి కొన్ని కిక్కులు కొడితే అది బయటికి పోతుంది.

స్పార్క్ అసలే లేకపోతే ఆమ్మీటర్ మళ్లీ అక్కరకు వస్తుంది. ఈ చిన్న మీటర్‌ను అలంకారమనుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి కంపెనీ బిగించి ఇచ్చిన పరీక్ష పరికరం అదే. తాళం తిప్పి, లైట్లు ఆపి, కిక్ రాడ్‌ను నెమ్మదిగా దించుతూ ముల్లును గమనించాలి. మధ్యకూ మైనస్‌కూ ఊగుతుంటే బ్యాటరీ, ఫ్యూజు, తాళం, పాయింట్ల దాకా కరెంటు దారి సవ్యంగా ఉంది. కాయిల్, కండెన్సర్, ప్లగ్ వైరు, క్యాప్ చూడాలి. ముల్లు కదలనే కదలకపోతే కరెంటు ఎక్కడో తెగింది. హారన్ కూడా మోగకపోతే ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు. మోగితే పాయింట్ల మీద తుప్పో జిడ్డో. ముల్లు మైనస్‌లోనే అతుక్కుపోతే పాయింట్లు విడిపోవడం లేదు, లేదా వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది.

పాయింట్లు సిలిండర్ వెనుక కుడి పక్కన చిన్న గుండ్రటి డబ్బాలో ఉంటాయి. మూత తీసి వాటి ముఖాలు చూడాలి. నల్లబడితే సన్నటి ఎమరీ కాగితంతో తేలిగ్గా రుద్ది, పెట్రోలులో తడిపిన అట్టముక్కను మధ్యలో లాగి తుడుస్తారు. ఆ చివరి తుడుపు మరిచిపోతే ఎమరీ పొడి మిగిలి, శుభ్రం చేసిన బండి శుభ్రం చేయకముందు కన్నా మొండికేస్తుంది. పూర్తిగా విడిపోయినప్పుడు ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఒక ముఖం గుంటపడి, రెండోదాని మీద బొడిపె లేస్తే కండెన్సర్‌ను అనుమానించాలి. పాయింట్లు విడిపోయినప్పుడల్లా వాటి మధ్య పెద్దగా మెరుపు రావడం కూడా దాని గుర్తే. పొద్దున చక్కగా స్టార్ట్ అయి, దూరం నడిచాక ఆగి, అరగంట చల్లారితే మళ్లీ లేచే బండిలో దోషం సాధారణంగా కండెన్సర్‌దో కాయిల్‌దో అవుతుంది, వేడికి లోపలి పొరలు చెడతాయి కనుక. కొత్త పెట్టెలోంచి తీసిన కండెన్సర్ పాడై ఉండటం ఈ రోజుల్లో వింత కాదు. అనుభవమున్నవాళ్లు బాగా పనిచేసే పాత కండెన్సర్‌ను పారేయకుండా పరీక్ష కోసం దాచుకుంటారు.

ప్లగ్ పొడిగా ఉన్న బండిలో వెతుకులాట ట్యాంకు నుంచి కిందికి సాగుతుంది. కార్బొరేటర్ కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే పెట్రోలు ఆగకుండా ధారగా రావాలి. చుక్కలుగా వస్తే పెట్రోల్ కాక్ జల్లెడలో తుప్పు చేరింది, లేదా ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడింది. మూత తెరవగానే ధార పెరిగితే రెండోదే కారణం. ధార బాగుంటే పైలట్ జెట్, చోక్ దారి చూడాలి. రెండూ సూది మొన పట్టేంత సన్నని రంధ్రాలు. నెలల తరబడి నిలిచిన పెట్రోలు ఎండి బంకలా మారి వాటిని మూసేస్తుంది. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై పాళ్లు శాశ్వతంగా చెడతాయి. గాలి కొట్టి శుభ్రం చేయడమే మేలు.

ఈమధ్య మరో చిక్కు చేరింది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు భాగాలను పాడు చేస్తుంది. వానాకాలమంతా సగం ట్యాంకుతో కదలకుండా ఉన్న బండిలో నీరు అడుగుకు దిగుతుంది. డ్రెయిన్ చేసిన పెట్రోలును గాజు సీసాలో పట్టి కాసేపు ఉంచితే అడుగున వేరే పొర కనిపిస్తుంది.

పెట్రోలు, స్పార్క్ రెండూ ఉంటే మిగిలింది కంప్రెషన్. ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా ఆనించి కిక్ కొడితే వేలును తోసేయాలి. తోయకపోతే వెంటనే ఇంజన్ విప్పనక్కర్లేదు. డీకంప్రెసర్ కేబుల్ మరీ బిగుతుగా ఉండి వాల్వును కాస్త తెరిచి ఉంచుతుందేమో చూడాలి. తర్వాత ట్యాపెట్లు. ఎగ్జాస్ట్ ట్యాపెట్ బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇవి బాగుంటే ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. కంప్రెషన్ పెరిగితే రింగులు, బోర్ అరిగాయి, పెరగకపోతే వాల్వులు. వాల్వుల్లో ఏదో చెవే చెబుతుంది: కిక్ రాడ్ మీద నిలబడినప్పుడు సైలెన్సర్‌లో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్, కార్బొరేటర్‌లో వినిపిస్తే ఇన్‌లెట్.

అన్నీ ఉండి వేళ తప్పిన బండి కాలికి ప్రమాదం. స్పార్క్ మరీ ముందుగా పడితే కిక్ రాడ్ వెనక్కి తన్నుతుంది. చీలమండ దెబ్బతినేంత బలం దానికుంది. ఆలస్యంగా పడితే సైలెన్సర్‌లో పేలుతుంది తప్ప ఇంజన్ అందుకోదు. పాయింట్ల ఎడం పెంచితే టైమింగ్ ముందుకు, తగ్గిస్తే వెనక్కి జరుగుతుంది కాబట్టి ఎడం సరిచేశాకే టైమింగ్ పెట్టాలి. దీనికి షెడ్డుల్లో వాడే సాధనం పల్చటి కాగితం. పాయింట్ల మధ్య దాన్ని ఉంచి, మెల్లగా లాగుతూ ఇంజన్‌ను తిప్పుతారు. పిస్టన్ పైకొసకు ఒక మిల్లీమీటరు లోపు ఉండగా కాగితం జారి రావాలి. వేగాన్ని బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపే అడ్వాన్స్ యూనిట్ బరువులు తుప్పుకు బిగుసుకుంటే మాత్రం ఈ కొలత ఎంత సరిగా పెట్టినా వెనక్కి తన్నడం ఆగకపోవచ్చు. వాటిని విప్పి ఆయిల్ వేయాలి.

వీటిలో ఏది సరిచేసినా ఒకటి చేసి కిక్ కొట్టి చూశాకే రెండోదానికి పోవాలి. ప్లగ్, పాయింట్లు, కండెన్సర్, జెట్ అన్నీ ఒకేసారి మారిస్తే బండి లేవచ్చు, కానీ దేనివల్ల లేచిందో తెలియదు. మారిన వాటిలో ఒకటి చెడ్డదైతే పాత లోపంతో పాటు కొత్తదీ తగులుకుంటుంది.

ఇంజన్ అందుకున్నాక ఇంకో పరీక్ష ఉంది. హెడ్‌లైట్ ఆపి కాస్త రేజ్ ఇస్తే ఆమ్మీటర్ ముల్లు ప్లస్ వైపు కదలాలి. మైనస్‌లోనే ఉంటే ఆల్టర్నేటర్ కాయిల్‌లోనో రెక్టిఫయర్‌లోనో చార్జింగ్ ఆగిపోయింది. బ్యాటరీని బయట చార్జ్ చేయించి బిగించినా అది ఉన్నంతసేపే స్పార్క్ వస్తుంది.