అల్లావుద్దీన్ అమ్మీ ఏదీ?

2019 మే 24, జుమ్మా. రంజాన్ నెల. ఖమ్మంలో దర్జీ దుకాణాల్లో సహరీ దాకా మిషన్లు ఆడుతున్న రోజులు. డిస్నీవారి కొత్త 'అలాద్దీన్' ఆ రోజే తెలుగులోనూ విడుదలైంది. 1992 నాటి బొమ్మల సినిమాను ఈసారి మనుషులతో తీశారు. జీనీకి వెంకటేష్, హీరోకి వరుణ్‌తేజ్ గొంతులిచ్చారు.

మా తమ్ముడు భద్రాచలం అవతల అడవి అంచు సంతల్లో మిషన్ పెట్టుకుని కోయవాళ్లకు రవికెలు కుడతాడు. పండగ బట్టలకని వచ్చిన వాడి పిల్లల్ని ఇఫ్తార్ అయ్యాక సినిమాకు తీసుకెళ్లాం. (రోజాల్లో సినిమా ఏమిటని అమ్మీ గొణిగింది.) అల్లావుద్దీన్ కూడా మీలాగే దర్జీ కొడుకని దారిలో చెప్పాం.

అది అబద్ధం కాదు. 1709లో పారిస్‌లో అలెప్పో క్రైస్తవుడు హన్నా దియాబ్ చెప్పగా గాలాఁ అనే ఫ్రెంచి పండితుడు రాసుకున్న కథ ఇది. అందులో అల్లావుద్దీన్ చీనా దేశపు దర్జీ ముస్తఫా కొడుకు. తండ్రి పోయాక తల్లి నూలు వడికి ఇల్లు నడుపుతుంది. దీపం తోమబోయి జీనీని లేపేదీ ఆమే. కొడుకు పెళ్లి మాట ఎత్తడానికి సుల్తాన్ దర్బారులో రోజుల తరబడి నిలబడేదీ ఆమే. 1992లో డిస్నీవారు ఈ తల్లి పాత్రను రాసి, తీసేశారు. దర్జీ కొడుకు అనాథ అయ్యాడు, బజారు దొంగ అయ్యాడు. కొత్త సినిమాలోనూ అంతే.

కడిగిన మరకలు లేకపోలేదు. మొదటి పాటలో చెవులు కోసే మాటను అరబ్ అమెరికన్లు గొడవ చేస్తే 1993లో మార్చారు. ఆ దేశాన్ని అనాగరికమన్న మాట మాత్రం 2019 దాకా ఉండిపోయింది. ఈసారి జాస్మిన్ తానే సుల్తాన్ అవుతుంది. అది మాకు నచ్చింది. కానీ మాట కడిగితే మనిషి కనబడతాడా? అగ్రబా అనే ఊరు భూమ్మీద లేదు. అయినా 2015లో ఒక సర్వేలో, అక్కడ బాంబులు వేయాలని అమెరికా రిపబ్లికన్ ప్రైమరీ ఓటర్లలో 30 శాతం మంది అన్నారు!

హాలీవుడ్‌నే అనడం దేనికి? 1957లో అక్కినేని 'అల్లావుద్దీన్ అద్భుత దీపం', 1970లో ఎన్టీఆర్ 'ఆలీబాబా 40 దొంగలు' మనమే తీసుకున్నాం. మా పేర్లు బాగ్దాదులో ఉంటే కథానాయకులు. అదే పేరు మన ఊరి బస్టాండులో దిగితే రౌడీ, లేకుంటే హీరో కోసం ప్రాణమిచ్చే నమ్మకస్తుడైన సాయిబు. మిషన్ తొక్కి ఇల్లు గడుపుకునే సాయిబు ఏ తెర మీదా మాకు తగల్లేదు.

తెర మీద జీనీ చిటికెలో ప్రిన్స్ అలీకి జరీ బట్టలు తొడిగాడు. చిన్నోడు మా చొక్కా లాగాడు.

"బడే అబ్బా, దర్జీ ఎప్పుడొస్తడు?"

హాలు బయటికొచ్చి వాడి కుర్తా కోసం దుకాణానికి వెళ్లాం. ఇంకా గుండీలు కుట్టలేదు. సహరీ వేళకు రమ్మన్నారు.