త్రాసు, పడికట్టు రాయి

బిచ్కుంద రైతునకు భూమి ఎంత ముఖ్యమో, దానిని గూర్చిన పహాణీ వ్రాతయు అంత ముఖ్యము. ఆ వ్రాతలను కంప్యూటరున కెక్కించి తెలంగాణ ప్రభుత్వము 2020 అక్టోబరు 29న 'ధరణి'ని ప్రారంభించినది. రిజిస్ట్రేషను, పేరు మార్పు రెండును తహశీల్దారు కచేరిలో ఒకేసారి ముగియుట మెచ్చదగినదే.

కాని యంత్రమునకు నిజమేదో తెలియదు. చెప్పినదానిని మరువకుండుటయే దాని పని. సర్వే నంబరులో ఒక అంకె తప్పిన, ఆ తప్పే స్థిరపడును. 2020 నాటి చట్టములో పై అధికారికి అప్పీలు లేదు. దిద్దుబాటు దరఖాస్తులు తరువాత చేర్చినను, చాలకాలము అవి కలెక్టరు వద్దకే పోవలసివచ్చెను. పాసుపుస్తకము లేనివానికి రైతుబంధు సాయమును లేకపోయెను. వేగమును చూచిరి గాని, దిద్దుబాటును మరచిరి.

2025 ఏప్రిల్ 14న వచ్చిన 'భూ భారతి' అప్పీలునకు చోటిచ్చినది. తొలి ప్రయోగమునకు ఎన్నుకొన్న మండలములలో మన కామారెడ్డి జిల్లాలోని లింగంపేట ఒకటి. తహశీల్దారు నిర్ణయము తప్పని తోచిన బిచ్కుంద రైతు, ఇప్పుడు బాన్సువాడ ఆర్.డి.ఓ.కు చెప్పుకొనవచ్చును. ఇది మేలైన మార్పు.

త్రాసు ఎంత సున్నితమైనదైనను, పడికట్టు రాయి తప్పైనచో తూకము తప్పును. ఆ రాయిని మార్చు చేయి రైతునకు అందుబాటులో నుండవలెను గదా!