దూరపు చుట్టం ఇంటికి దారి

విజయనగరం గురజాడ 1910లో ‘ముత్యాల సరములు’ రాసినప్పుడు ఆకాశంలో హేలీ తోకచుక్క ఉంది. అది అరిష్టమని జనం హడలిపోతుంటే, ఆయన దాన్ని దారినపోతూ చూడవచ్చిన దూరపు చుట్టంగా చూశాడు. సంఘసంస్కరణకి జెండాగానూ పట్టుకున్నాడు. మన విమర్శ ఎక్కువగా జెండా దగ్గరే ఆగిపోయింది. నాకు చుట్టరికమే ముఖ్యం.

చుట్టరికమన్నాక రాకపోకలుండాలి కదా. ఈ కవితలో రాక ఉంది, పోక లేదు. 1910లో అంతకుమించి అడగడం అన్యాయమే అనుకోండి. 1986లో ఆ చుట్టం మళ్లీ వచ్చినప్పుడు యూరప్ వాళ్ల జొట్టో నౌక ఎదురెళ్లింది. సెకనుకి 68 కిలోమీటర్ల వేగంతో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. కదిలే బస్సులోంచి చెయ్యూపినట్టు! పక్కన ఆగి మాట్లాడాలంటే మామూలు రాకెట్ చాలదు. దాని మంట సెకనుకి నాలుగున్నర కిలోమీటర్లకు అటూ ఇటూగా ఎగజిమ్ముతుంది. ఆ తేడానంతా దానితోనే పూడ్చాలంటే నౌక బరువుకి లక్షల రెట్లు ఇంధనం మొయ్యాలి. తేలిక కేంద్రకాల్ని కలిపి శక్తి తీసే సంలీన ఇంజను సెకనుకి వేల కిలోమీటర్ల వేగంతో ఎగజిమ్మగలదు, కాగితం మీద. ఇంకోటి, 2023 చివర్లో హేలీ సూర్యుడికి మనకన్నా 35 రెట్లు దూరంలో ఉంది. అక్కడ ఎండ మనకొచ్చేదాంట్లో వెయ్యో వంతు కూడా ఉండదు. దీపం వెలగాలన్నా సొంత పొయ్యి కావాలి.

ఆ పొయ్యి ఇంకా అంటుకోలేదు. 2022 డిసెంబరులో కాలిఫోర్నియా ప్రయోగశాల 2.05 మెగాజౌళ్ల లేజర్ కాంతితో 3.15 మెగాజౌళ్లు రాబట్టింది. ఆ లేజర్లు మింగిన కరెంటు మాత్రం 300 మెగాజౌళ్ల దాకా.

ఇక్కడ నాకు శ్రీకాకుళం గుర్తొస్తుంది. కొవ్వాడలో కట్టాలనుకుంటున్నది కేంద్రకాల్ని చీల్చే కర్మాగారం, కలిపేది కాదు. నేను చదివిన రాతల్లో చాలావాటికి ఈ తేడా పట్టదు, రెండూ ఒకే ‘అణు’ భూతం. అలాగని కొవ్వాడ జాలర్ల భయాన్ని తోకచుక్క భయంతో కలిపెయ్యలేం. ఒకటి పుకారు. రెండోది ఇల్లూ వేటా పోయే మనిషి లెక్క. ఆ లెక్క వెయ్యడానికి గురజాడ చాలడు, కారా మాస్టారు కావాలి. ఊరు బాగుపడుతుంటే అప్పల్రాముడు ఎందుకు చితికిపోయాడని ‘యజ్ఞం’ అడిగింది. రాకెట్ కథల్ని అలా అడిగినవాళ్లు నాకింకా తగల్లేదు.

హేలీ 2061లో తిరిగొస్తుంది. ఈలోగా ఎవరైనా ఆ ప్రయాణం కథ రాస్తే, ఇంజను వేగంతోపాటు అది తయారైన నేల అంతకుముందు ఎవరిదో కూడా రాయమని అడుగుతాను.