లుప్తలోక నవలలు: వాని రుచియు, దోషమును

సాహస నవలలను విమర్శకులు తరచుగ పంక్తిబాహ్యములుగ నెంచుచుందురు. పెద్దలు వానిని బాలుర కాలక్షేపమని తీసివేయుదురు. చేతికి చిక్కినప్పుడు మాత్రము తుదిపుట వరకు విడువరు. అడవులకును కొండలకును ఆవల, లోకము మరచిన ప్రాచీన నగరమొకటి నిలిచియుండుట, కొందరు సాహసికులు అచటికి జేరుట, ప్రాణములతో మరలివచ్చుట - ఇది లుప్తలోక నవలకు సామాన్యమైన ఇతివృత్తము. ఇట్టి కథలవలన కలుగు ఆనందము ఎట్టిది? అందు గ్రహింపదగినదేది, విడువదగినదేది? ఈ ప్రశ్నలు విచారణీయములు.

ఈ శాఖకు మార్గదర్శకుడు ఆంగ్ల నవలాకారుడైన రైడర్ హాగర్డ్. ఇతడు 1875లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, దక్షిణాఫ్రికాకు ఉద్యోగమునకై పోయి కొన్నియేండ్లు అచట గడపెను. 1885లో ఇతని ‘కింగ్ సాలమన్స్ మైన్స్’, 1886-87లో ‘షీ’ వెలువడినవి. 1912లో కానన్ డాయిల్ ‘ది లాస్ట్ వరల్డ్’ రచించెను. అమెరికాలో 1896 నుండి, కట్టెగుజ్జుతో చేసిన చౌక కాగితముపై కేవలము కథలనే అచ్చువేయు పత్రికలు ప్రబలినవి. ఆ ముతక కాగితమునుబట్టియే ఈ సాహిత్యమునకు ‘పల్ప్’ అను పేరు వచ్చినది. టార్జాన్ కథలలోని ఓపార్ నగరము అట్టి పత్రికలలో పుట్టినదే.

ఆలంకారికులు అద్భుతరసమునకు విస్మయము స్థాయిభావమనిరి. హాగర్డ్ ఆ విస్మయమును పోషించిన తీరు గమనింపదగినది. కథకుడైన క్వాటర్‌మెయిన్ వృద్ధుడైన వేటకాడు. తాను పిరికివాడనని చెప్పుకొనును. దూరములను, తూకములను లెక్కించి చెప్పును. 1590లో ఒక పోర్చుగీసువాడు ప్రాణము పోవుచుండగా తన రక్తముతో వ్రాసిన పటము ఆధారముగ, ఎడారిని దాటి, మంచుకొండలనెక్కి, అనాదియైన రాజమార్గమును చేరువరకు పాఠకుడు అడుగడుగునను వెంటనడచును. మాట సాదాగ నుండుటచేతనే వింత నమ్మదగినదగుచున్నది. తొలిముద్రణమున హాగర్డ్ పున్నమినాళ్లలో సూర్యగ్రహణమును గల్పించి, తప్పు తెలిసిన పిదప దానిని చంద్రగ్రహణముగ మార్చెను. మంత్రగత్తె గగూల్ తరతరములు జీవించినదన్నను పాఠకుడు నమ్మును. తిథి తప్పిన గ్రహణమును నమ్మడు. అద్భుతమునకును ఔచిత్యము కలదనుటకు ఇది చక్కని నిదర్శనము.

ఈ అద్భుతము భారతీయ పాఠకునకు క్రొత్తది కాదు. కిష్కింధాకాండమున సీతాన్వేషణమునకై దక్షిణదిశకు బోయిన వానరులు దప్పిగొని, తడిసిన రెక్కలతో వెలికివచ్చు పక్షులను జూచి, ఋక్షబిలమను చీకటి గుహను ప్రవేశింతురు. లోపల మయనిర్మితమైన నగరము, బంగారు చెట్లు, వానికి కావలియున్న స్వయంప్రభ కన్పట్టుదురు. లుప్తలోక నవలకు గల లక్షణములన్నియు ఇందు గలవు: మరుగుపడిన ద్వారము, చీకటిదారి, ఆశ్చర్యకరమైన పురము, దానినేలు వింత వనిత, వెలికి రాలేమను భయము. భేదము ఒక్కటి. వానరులు ఫలములు దిని, నీరు త్రాగి, సెలవడిగి, ఆమె చెప్పినట్లు కన్నులు మూసికొని వట్టిచేతులతో వెలికి వచ్చిరి. బంగారు చెట్లనుండి ఒక్క ఆకైనను త్రెంచలేదు. హాగర్డ్ నాయకులు గనిలో చిక్కి, ఎదుట వజ్రరాసులున్నను అవి ఆకలిదప్పులను తీర్పజాలవని తెలిసికొందురు. నవలలో నిది మిక్కిలి గంభీరమైన ఘట్టము. అయినను దారి దొరకగానే క్వాటర్‌మెయిన్ జేబులనిండ వజ్రములు నింపుకొనును.

వజ్రములకంటె విలువైనది వేరొకటి ఈ కథలలో అపహరింపబడినది. ఆఫ్రికాలోని రాతికట్టడములు పరదేశీయులైన ప్రాచీనులవని హాగర్డ్ కథ సూచించును. అచటి విగ్రహములు ఫినీషియనులవి కావచ్చునని క్వాటర్‌మెయిన్ ఊహించును. ఇది ఒక్క రచయిత కల్పన కాదు. 1871లో గ్రేట్ జింబాబ్వే శిథిలములను దర్శించిన జర్మను యాత్రికుడు కార్ల్ మౌఖ్, ఆ నిర్మాణములను షీబా రాణి కథతో ముడివెట్టెను. 1905లో రాండల్-మకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ త్రవ్వకములు జరిపి అవి ఆఫ్రికావాసులు కట్టినవేయని స్థాపించిరి. షోనా ప్రజల పూర్వులు ప్రధానముగ 11 - 15 శతాబ్దుల మధ్య వానిని నిర్మించిరి. అయినను రొడీషియాలోని శ్వేతజాతి పాలకులు ఈ సత్యమును చాలకాలము మరుగుపరుపజూచిరి. 1980లో స్వతంత్రమైన ఆ దేశము ఆ శిథిలముల పేరునే తన పేరుగ గ్రహించినది. పూర్వుల గోడపై పరుల పేరు వ్రాసిన కలుగు నష్టమెట్టిదో, తరతరములుగ అన్యభాషా ప్రాంతములందు నివసించుచు తమ శాసనములను, ఆలయములను, ఇంటిపేర్లను కాపాడుకొనుచున్న తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

హాగర్డ్‌కును ఈ చింత లేకపోలేదు. కథాంతమున కుకువానాలాండు రాజైన ఇగ్నోసి, ఈ ముగ్గురు మిత్రులు తప్ప వేరొక తెల్లవాడు తన కొండలు దాటరాదనియు, తుపాకులును సారాయమును తెచ్చు వర్తకులకు ప్రవేశము లేదనియు శాసించును. నవల తన ద్వారమును తానే మూసికొన్నది. గ్రంథములోని ఉత్తమమైన వివేకము ఈ రాజు నోట పలికినది.

తెలుగువారికి ఈ రుచిని పంచినది 1947 జులైలో మదరాసునందు ఆరంభమైన ‘చందమామ’. 1952లో ఆ పత్రికలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలిడి ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ మున్నగు ధారావాహికలు వ్రాసెను. వానిపై రచయిత పేరు అచ్చుకాలేదు; బొమ్మలు వేసిన ‘చిత్రా’ పేరు మాత్రము పాఠకులకు పరిచితమైనది. లోయలు, దుర్గములు, పాడుపడిన గుడులు, మాంత్రికులు - సామగ్రి హాగర్డ్‌ను తలపించును. కాని రాజ్యములు జానపద కల్పితములు. భూమిపై నున్న ఏ జాతి కట్టడమును వేరొక జాతికి అంటగట్టవలసిన పని లేదు. కావున భయము, విస్మయము నిలిచినవి, అపహరణము తొలగినది.

లుప్తలోక నవలను చదువుట తప్పు కాదు. విస్మయము బాల్యముతో తీరిపోవునది గాదు. దానిని మేల్కొల్పు రచన తక్కువది గాదు. అయితే మరుగుపడిన నగరమును చూచునప్పుడు, దీనిని కట్టినవారెవరు, వారి సంతతివారు నేడెచటనున్నారు అని అడుగుట పాఠకధర్మము. ఆ ప్రశ్నతో చదివినచో ఆనందము తరగదు. స్వయంప్రభ గుహను దర్శించిన వానరులవలె, పాఠకుడును తృప్తుడై, పరద్రవ్యము ముట్టక వెలికి రాగలడు.